వృత్త సిద్ధాంతాలకు ఇంటరాక్టివ్ బోధన సామగ్రి: హైస్కూలు గణిత ఉపాధ్యాయులకు సమగ్ర మార్గదర్శి

ఆంధ్రప్రదేశ్‌లో 2023 నుంచి ప్రభుత్వ ఉన్నత పాఠశాలల తరగతి గదుల్లోకి ఇంటరాక్టివ్ ఫ్లాట్ ప్యానెళ్లు, అంటే ఉపాధ్యాయులందరూ ఐఎఫ్‌పీ అని పిలుచుకునే పెద్ద టచ్ తెరలు వచ్చాయి. తెలంగాణలోనూ చాలా ఉన్నత పాఠశాలల్లో ఇవి కనిపిస్తున్నాయి. అయితే గణితం పీరియడ్‌లో ఆ తెర మీద ఎక్కువగా జరిగేది వీడియో ఆడించడం, లేకపోతే పాఠ్యపుస్తకం పీడీఎఫ్‌ను పెద్దదిగా చూపించడం. లక్షల విలువైన తెర అలా టీవీగా మిగిలిపోవడానికి ఉపాధ్యాయుల నిర్లక్ష్యం కారణం కాదు. ఏ అంశానికి ఎలాంటి సామగ్రి కావాలో, దాన్ని ఎలా తయారుచేయాలో, తయారైన దాన్ని నలభై అయిదు నిమిషాల్లో ఎలా నడపాలో చివరిదాకా చేసి చూపించిన పాఠాలు తెలుగులో తక్కువ. అందుకే ఈ వ్యాసంలో పది వెబ్‌సైట్ల పేర్లు ఏకరువు పెట్టకుండా ఒకే ఒక్క సామగ్రిని మొదటి నుంచి చివరి వరకు తయారుచేద్దాం.

బోధన సామగ్రిని ఇంటరాక్టివ్ అనడానికి నేను పెట్టుకున్న కొలబద్ద ఒకటే: విద్యార్థి ముందుగా ఏదో ఒక సమాధానానికి కట్టుబడాలి, ఆ సమాధానం తప్పయితే తప్పని ఆ సామగ్రే చూపించగలగాలి. బొమ్మలు కదలడం, రంగులు మారడం, చప్పట్ల శబ్దం రావడం ఈ లెక్కలోకి రావు. అంచనా కట్టని విద్యార్థికి కదిలే బొమ్మా కదలని బొమ్మా ఒకటే. రెండింటినీ చూసి తల ఊపుతాడు.

అంశం ఎంపిక

ప్రతి పాఠానికీ ఇలాంటి సామగ్రి అక్కరలేదు. అంకశ్రేఢిలో ఇరవయ్యో పదం కనుక్కోవడానికి నల్లబల్ల, సుద్దముక్క చాలు. ఒకటి మారుతూ ఉండగా మరొకటి మారకుండా నిలిచే చోట, లేదా మన ఊహకు విరుద్ధంగా మారే చోట తెర నిజంగా అక్కరకొస్తుంది. తొమ్మిదో తరగతి వృత్తాల అధ్యాయంలోని ఈ సిద్ధాంతం అందుకు చక్కగా సరిపోతుంది: ఒక చాపం వృత్త కేంద్రం వద్ద ఏర్పరచే కోణం, అదే చాపం మిగిలిన వృత్తంపై ఏదైనా బిందువు వద్ద ఏర్పరచే కోణానికి రెట్టింపు ఉంటుంది. ఈ సిద్ధాంతానికి ఒక్క బొమ్మ సరిగ్గా తయారుచేసుకుంటే ఒకే వృత్తఖండంలోని కోణాలు సమానమనీ, అర్ధవృత్తంలోని కోణం లంబకోణమనీ, చక్రీయ చతుర్భుజంలో ఎదుటి కోణాల మొత్తం 180° అనీ చెప్పే మిగతా మూడు ఫలితాలూ అందులోంచే బయటికి వస్తాయి. నాలుగు పాఠాల పనికి ఒక ఫైలు సరిపోతుంది.

మొదటి మెట్టు: తెర కంటే ముందు కాగితం

జ్యామితిలో చేత్తో చేయనిది తెర మీద చూస్తే మాయలాగే ఉంటుంది; కంప్యూటర్ అలా చూపించింది కాబట్టి అలాగే ఉంటుందని పిల్లలు నమ్మేస్తారు. కాబట్టి తెర వెలిగించడానికి ముందు రోజు ఒక పీరియడ్ కాగితానికి కేటాయించాలి. కావలసినవి తెల్ల కాగితాలు, బటర్ పేపర్, కత్తెర, స్కేలు, పెన్సిలు, గుండ్రంగా గీయడానికి టిఫిన్ బాక్సు మూత. గాజుతో గీసే అలవాటు పిల్లలకు ఉంటుంది గానీ ఆ వృత్తం మరీ చిన్నదై కోణాలు ఇరుకుగా వస్తాయి. కనీసం పన్నెండు, పదమూడు సెంటీమీటర్ల వ్యాసం ఉండే మూత అయితే పని సులువు.

మూతతో గీసినప్పుడు కేంద్రం ఎక్కడుందో తెలియదు. ఇది ఇబ్బందిగా కనిపిస్తుంది గానీ నిజానికి మనకు లాభం. వృత్తాన్ని కత్తిరించి, అంచుకు అంచు కలిసేలా సగానికి మడిచి, విప్పి, మరో దిశలో మళ్లీ సగానికి మడిస్తే రెండు మడతలూ ఖండించుకునే చోటే కేంద్రం. ఆ బిందువుకు ఓ అని పేరు పెట్టించండి. అంచు మీద బి, సి అనే రెండు బిందువులు తీసుకొని రెండింటినీ ఓ తో కలపాలి. తరువాత పెద్ద చాపం మీద ఇష్టం వచ్చిన చోట పి అనే బిందువు పెట్టి దాన్ని బి, సి లతో కలపాలి.

ఇప్పుడు కోణమానిని తీయనివ్వకండి. కోణమానినితో కొలిస్తే ఒకటి రెండు డిగ్రీల తేడా రావడం మామూలే. ఒకరికి 96, 49 అనీ, మరొకరికి 103, 50 అనీ వచ్చి, చర్చ అంతా ఎవరు సరిగ్గా కొలవలేదన్న దాని మీదికి మళ్లుతుంది. దానికి బదులు పి దగ్గరి కోణాన్ని బటర్ పేపర్ మీద నకలు తీయించండి. ఆ నకలును కేంద్రం దగ్గర, ఒక భుజం ఓబి మీద పడేలా ఉంచి, రెండో భుజం ఎక్కడ పడిందో గీత గీయించండి. ఆ గీత నుంచి అదే నకలును మరోసారి పెడితే రెండో భుజం సరిగ్గా ఓసి మీద పడుతుంది. రెండు నకళ్లు ఒక కేంద్ర కోణంలో ఖాళీ లేకుండా ఇమిడిపోవడం కళ్లతో చూసిన పిల్లవాడికి రెట్టింపు అన్న మాటను విడిగా వివరించనక్కరలేదు.

తరగతిలో ఒక్కొక్కరి వృత్తం ఒక్కో సైజులో, ఒక్కొక్కరి కోణం ఒక్కో తీరులో ఉండేలా చూడండి. నలభై మంది దగ్గర నలభై రకాల బొమ్మలుంటేనే ఇది ఉపాధ్యాయుడు ఎంచుకున్న బొమ్మకు మాత్రమే వర్తించేది కాదని తెలుస్తుంది. కొందరు పి బిందువును చిన్న చాపం మీద పెట్టి, ‘సార్, నాకు పట్టడం లేదు’ అంటారు. వారిని సరిదిద్దకండి. ఆ కాగితాలను జాగ్రత్తగా తీసి పక్కన పెట్టుకోండి, మూడో మెట్టులో అవి మనకు చాలా ముఖ్యం.

రెండో మెట్టు: జియోజీబ్రాలో బొమ్మ తయారీ

జియోజీబ్రా 2001లో ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్‌లో మార్కస్ హోహెన్‌వార్టర్ మొదలుపెట్టిన గణిత సాఫ్ట్‌వేర్. తరగతి గది అవసరాలకు దీన్ని ఉచితంగా వాడుకోవచ్చు. దాదాపు అన్ని ప్యానెళ్లూ ఆండ్రాయిడ్ మీద నడిచేవే కాబట్టి జియోజీబ్రా యాప్‌ను ఒకసారి వేసుకుంటే చాలు, ఆ తరువాత ఇంటర్నెట్ లేకపోయినా పనిచేస్తుంది. తయారీ మాత్రం ఇంట్లోనో స్టాఫ్ రూములోనో కంప్యూటర్ మీద, జియోజీబ్రా క్లాసిక్‌లో చేసుకోవడం మేలు. ఫైలును పెన్‌డ్రైవ్‌లో తెచ్చి ప్యానెల్ మీద తెరవవచ్చు. కింద చెప్పిన టూల్ పేర్లు ఇంగ్లీషు అమరికలో కనిపించేవి.

ముందుగా అక్షాలనూ గ్రిడ్‌నూ తీసివేయండి. అవి ఉంటే పిల్లల దృష్టి నిరూపకాల మీదికి పోతుంది. పాయింట్ టూల్‌తో తెర మధ్యలో ఒక బిందువు పెట్టి దానికి ఓ అని పేరు మార్చండి. ‘సర్కిల్: సెంటర్ అండ్ రేడియస్’ టూల్ తీసుకొని ఓ మీద నొక్కి, వ్యాసార్ధం 4 అని ఇవ్వండి. ‘పాయింట్ ఆన్ ఆబ్జెక్ట్’ టూల్‌తో వృత్తం మీద ఎడమవైపు కింద ఒక బిందువు పెట్టి దానికి బి అని పేరివ్వండి.

ఇప్పుడు స్లైడర్, అంటే పక్కకు లాగితే విలువ మారే మీట. స్లైడర్ టూల్ తీసుకొని రకం దగ్గర యాంగిల్ ఎంచుకొని, పేరు ఆల్ఫా, కనిష్ఠం 20°, గరిష్ఠం 340°, అడుగు 2° అని ఇవ్వండి. అడుగు రెండు డిగ్రీలు ఉండటం చాలా ముఖ్యం. బి, సి రెండింటినీ విడివిడిగా స్వేచ్ఛగా జరపగలిగే బిందువులుగా పెడితే కేంద్ర కోణం 97° అనీ పి దగ్గర 49° అనీ తెర మీద కనిపించే ప్రమాదం ఉంది, సాఫ్ట్‌వేర్ 48.5ను సర్ది చూపించిందని మనకు తెలుసు, కానీ చురుకైన పిల్లవాడికి అది సిద్ధాంతం తప్పిన సాక్ష్యంగా కనిపిస్తుంది. దశాంశ స్థానాలు పెంచినా ఈ చిక్కు చివరి అంకెలో మళ్లీ తలెత్తుతుంది. కేంద్ర కోణం ఎప్పుడూ సరిసంఖ్యే అయ్యేలా కట్టడి చేస్తే పి దగ్గర ఎప్పుడూ పూర్ణాంకమే వస్తుంది.

సి బిందువు కోసం ‘యాంగిల్ విత్ గివెన్ సైజ్’ టూల్ తీసుకొని, మొదట బి మీద, తరువాత ఓ మీద నొక్కి, కోణం దగ్గర ఆల్ఫా ఇచ్చి, దిశను అపసవ్యంగానే ఉంచండి. వృత్తం మీద కొత్త బిందువు ఒకటి, కేంద్రం దగ్గర కోణం ఒకటి వస్తాయి. కొత్త బిందువుకు సి అని పేరు మార్చండి. ఆ తరువాత మిగిలిన చాపం మీద, అంటే పైభాగంలో, మళ్లీ ‘పాయింట్ ఆన్ ఆబ్జెక్ట్’ టూల్‌తో పి పెట్టండి. సెగ్మెంట్ టూల్‌తో ఓబి, ఓసి, పిబి, పిసి గీయండి. చివరగా యాంగిల్ టూల్‌తో బి, పి, సి అదే వరుసలో నొక్కండి. వరుస తిరగబడితే 50°కి బదులు 310° కనిపిస్తుంది.

ఆ కోణం సెట్టింగ్స్‌లోకి వెళ్లి, ‘యాంగిల్ బిట్వీన్’ అన్న చోట 0° నుంచి 180° అని మార్చండి. ఇది చేయకపోతే పి బిందువు కింది చాపం మీదికి దాటగానే తెర 130°కి బదులు 230° చూపించి అందరినీ తికమక పెడుతుంది. కేంద్ర కోణానికి మాత్రం ఈ మార్పు చేయకండి. అది 180° దాటి పెరగగలగాలి.

ఆఖరున చెక్ బాక్స్ టూల్‌తో ‘పి వద్ద కోణం చూపించు’ అని ఒక గడి పెట్టి, దానికి పి దగ్గరి కోణాన్ని జతచేయండి. శీర్షికను తెలుగులో టైపు చేసుకోవచ్చు. ఈ గడి లేకపోతే జవాబు మొదటి క్షణంలోనే తెర మీద కనిపిస్తుంది, ఇక అంచనా కట్టడానికి ఏమీ మిగలదు. సామగ్రి మొత్తంలో ఎవరూ పెద్దగా పట్టించుకోని ఈ చిన్న గడి విలువే ఎక్కువని నా అభిప్రాయం.

చివరి బెంచీకి కనిపించేలా సరిచేయడం మిగిలింది. అక్షరాల పరిమాణం 28కి తక్కువ కాకుండా, గీతల మందం 7 దాకా, పి బిందువు పరిమాణం 9గా పెట్టుకోండి. వేలితో పట్టుకోవాలంటే బిందువు పెద్దదిగా ఉండాలి. కేంద్ర కోణానికి నీలం, పి కోణానికి నారింజ రంగు వాడండి. ఎరుపు, ఆకుపచ్చలను పక్కపక్కన వాడితే రంగుల తేడా పట్టలేని పిల్లలకు రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఓ బిందువును ‘ఫిక్స్ ఆబ్జెక్ట్’తో కదలకుండా బిగించండి. పిల్లలు ఖాళీ చోట వేలు పెట్టి లాగితే బొమ్మ మొత్తం పక్కకు జరిగిపోతుంది. అప్పుడు ఇంటి బొమ్మ ఉన్న స్టాండర్డ్ వ్యూ గుర్తును నొక్కితే చూపు మొదటి స్థితికి వస్తుందని వారికే నేర్పండి.

మూడో మెట్టు: పీరియడ్ నడపడం

కోణం గడిని ఆఫ్ చేసి, ఆల్ఫాను 100° దగ్గర ఉంచి బొమ్మ తెరవండి. నిన్నటి కాగితాల గురించి రెండు నిమిషాలు గుర్తుచేసి, వెంటనే మొదటి ప్రశ్న అడగండి: పి బిందువును బి దగ్గరికి జరిపితే అక్కడి కోణం పెరుగుతుందా, తగ్గుతుందా, అలాగే ఉంటుందా? ప్రతి ఒక్కరూ నోటుబుక్కులో సమాధానం రాయాలి. రాసిన తరువాత పెరుగుతుంది అనేవారు ఒక వేలు, తగ్గుతుంది అనేవారు రెండు, మారదు అనేవారు మూడు వేళ్లు ఛాతీకి ఆనించి చూపించాలి. చేయి పైకెత్తమంటే పిల్లలు ముందు ఫస్టు ర్యాంకు వచ్చే అమ్మాయి వైపు చూసి తరువాత ఎత్తుతారు. ఛాతీ దగ్గర వేళ్లు ఉపాధ్యాయుడికి తప్ప మరెవరికీ కనిపించవు. పేపరు మీద ముద్రించిన కోడ్ కార్డులను పిల్లలు పట్టుకుంటే ఫోన్ కెమెరాతో జవాబులు లెక్కించే ప్లికర్స్ లాంటివీ ఉన్నాయి. నెట్ బాగా వచ్చే చోట అవి ఉపయోగమే, కానీ వేళ్లతో అయ్యే పనికి వాటి కోసం ఆగనక్కరలేదు.

కాగితంతో ఒక పీరియడ్ గడిపిన తరగతిలో కూడా ఈ ప్రశ్నకు మూడు రకాల జవాబులూ వస్తాయి. పిబి చిన్నదవుతుంది, పిసి పెద్దదవుతుంది, బొమ్మ ఒరిగిపోతుంది. అలాంటప్పుడు కోణం మారకుండా ఉండటం సహజంగా అనిపించదు. బోర్డు మీద మూడు అంకెలూ రాసి, ఎవరు ఎందుకు అలా అనుకున్నారో ఒక్కొక్కరితో ఒక్క వాక్యంలో చెప్పించండి. ఆ తరువాతే గడిని ఆన్ చేయాలి.

బిందువును జరిపేది విద్యార్థే కావాలి, అందులోనూ వెనుక బెంచీ నుంచి వచ్చినవారైతే మంచిది. ఉపాధ్యాయుడు తరగతి వెనుక నిలబడాలి. తెర పక్కన మనం నిలబడితే చేతులు ఊరుకోవు. పిల్లవాడు రెండు సెకన్లు తడబడగానే మనమే జరిపేస్తాం. పి పై చాపమంతా తిరుగుతున్నా 50° కదలకుండా ఉండటాన్ని వారు చూసిన తరువాత రెండో ప్రశ్న వేయండి: ఆల్ఫాను 180° చేస్తే పి దగ్గర ఎంత? ఈసారి దాదాపు అందరూ 90 అని రాస్తారు. రాశాక జరిపించి, ఓబి, ఓసి కలిసి ఒకే గీత ఎందుకయ్యాయని అడగండి. వ్యాసం అన్న మాట తరగతి నుంచే రావాలి. అర్ధవృత్తంలోని కోణం లంబకోణమన్న ఫలితం అక్కడితో పూర్తయినట్టే.

అసలు ఘట్టం ఇప్పుడు మొదలవుతుంది. ఆల్ఫాను తిరిగి 100°కి తెచ్చి, పి బిందువును సి దాటించి కింది చాపం మీదికి తీసుకువెళ్లమనండి. 50° ఉన్నట్టుండి 130° అవుతుంది. ‘సార్, ఇక్కడ రావడం లేదు’ అని ఎవరో ఒకరు అంటారు, నిన్న కాగితం మీద పట్టలేదన్నవారు వెంటనే తోడవుతారు. మనం దాచిన కాగితాలను ఇప్పుడు బయటికి తీసి ఆ పిల్లల పేర్లు చెప్పి తిరిగి ఇవ్వండి. నిన్న వారు తప్పు చేయలేదని, మిగతావారు చూడని చోటును చూశారని తరగతికి తెలియాలి.

ఇక్కడ జవాబు చెప్పేయాలనే ఆత్రం ఉపాధ్యాయుడికి బలంగా కలుగుతుంది. అయిదు నిమిషాలు ఓపిక పట్టండి. బెంచీకి నలుగురు చొప్పున కూర్చొని రెండు ప్రశ్నలకు జవాబు వెతకాలి: 130కి రెట్టింపు 260, ఈ బొమ్మలో 260 ఎక్కడుంది? 130కీ ఇంతకుముందు కనిపించిన 50కీ సంబంధం ఏమిటి? మొదటి ప్రశ్న కేంద్రం దగ్గర ఓ చుట్టూ రెండో వైపున్న పరావర్తన కోణం దగ్గరికి తీసుకువెళ్తుంది: 360 నుంచి 100 తీసేస్తే 260. అంటే సిద్ధాంతం తప్పలేదు. పి కిందికి రాగానే అది ఎదుర్కొంటున్న చాపం మారింది. సిద్ధాంతంలో ‘మిగిలిన వృత్తంపై’ అన్న రెండు మాటలు ఎందుకున్నాయో పిల్లలకు అప్పటిదాకా తెలిసి ఉండదు. వల్లె వేసేటప్పుడు మొదట జారిపోయేవి కూడా ఆ రెండే. ఇక రెండో ప్రశ్న 50, 130ల మొత్తం 180 అని చెప్పి, చక్రీయ చతుర్భుజం పాఠానికి తలుపు తీస్తుంది. ఆ పాఠాన్ని అప్పుడే మొదలుపెట్టకుండా, ఆల్ఫా 140° అయితే పి కింద ఉన్నప్పుడు ఎంత అన్న ప్రశ్నను ఇంటిపనిగా ఇచ్చి పంపండి.

నాలుగో మెట్టు: తెర ఆపి నిరూపణ

ఎన్ని స్థానాల్లో జరిపి చూసినా అది పరిశీలనే, నిరూపణ కాదు. ఈ సంగతిని మాటల్లో చెబితే పిల్లలకు ఎక్కదు గానీ, ‘అడుగు రెండు డిగ్రీలు పెట్టాం కదా, 101.3° దగ్గర కూడా ఇలాగే ఉంటుందని ఎలా చెప్పగలం?’ అని అడిగితే ఎక్కుతుంది. మరుసటి పీరియడ్‌లో ప్యానెల్ ఆపి, నల్లబల్ల మీద పి నుంచి ఓ గుండా గీత గీసి డి వరకు పొడిగించండి. ఓపి, ఓబి వ్యాసార్ధాలు కాబట్టి పిఓబి సమద్విబాహు త్రిభుజం. దాని బాహ్యకోణమైన డిఓబి, ఆ త్రిభుజంలో పి దగ్గరి కోణమైన ఓపిబి కి రెట్టింపు. రెండో వైపు త్రిభుజంలోనూ ఇదే వాదన. రెండింటినీ కూడితే సిద్ధాంతం వస్తుంది.

పి మరీ ఒక పక్కకు జరిగినప్పుడు డి చాపం బయట పడి, కూడిక బదులు తీసివేత వస్తుంది. ఈ సందర్భాన్ని చాలామంది దాటవేస్తారు. తెర మీద పి ని బి దగ్గరికి లాగినప్పుడు పిబి, పిసి లలో ఒకటి కేంద్రానికి రెండో వైపుకు వెళ్లడం పిల్లలు ఇప్పటికే చూసి ఉన్నారు కాబట్టి, ఆ బొమ్మను వారితోనే గీయించి తీసివేత ఎందుకో వారితోనే చెప్పించవచ్చు. నిరూపణ దశలను మాత్రం పాఠ్యపుస్తకంలో ఉన్న వరుసలోనే రాయించండి. పరీక్షలో వారు రాయాల్సింది ఆ పద్ధతిలోనే.

అయిదో మెట్టు: ఎంత మిగిలిందో చూడటం

వారం తరువాత, ముందుగా చెప్పకుండా, ఒక్క ప్రశ్న ఇవ్వండి. బోర్డు మీద వృత్తం గీసి, కేంద్ర కోణం 140° అని రాసి, పి ని చిన్న చాపం మీద పెట్టి, అక్కడి కోణం ఎంత అని నాలుగు జవాబులు రాయండి: 70, 110, 140, 280. ఛాతీ దగ్గర వేళ్లతోనే జవాబు. సరైనది 110. డెబ్బై అన్నవారికి సగం చేయడం గుర్తుంది గానీ ఏ చాపమో చూసుకోలేదు. 140 అన్నవారు ఒకే వృత్తఖండంలోని కోణాల ఫలితంతో దీన్ని కలిపేసుకున్నారు. 280 అన్నవారికి ఏది దేనికి రెట్టింపో తారుమారైంది. ఈ మూడు పొరపాట్లకూ మందు ఒకటి కాదు, కాబట్టి మార్కులు వేసి ఊరుకోకుండా ఎవరు ఏ జవాబు ఎంచుకున్నారో రాసిపెట్టుకోవాలి. డెబ్బై అన్నవారు ఎక్కువగా ఉంటే మూడో మెట్టులోని పి దాటే ఘట్టాన్ని మళ్లీ ఒకసారి చేయిస్తే సరిపోతుంది. 280 అన్నవారిని మాత్రం బటర్ పేపర్ దగ్గరికే తీసుకువెళ్లాలి.

కరెంటు లేని రోజు

వేసవి ముందు నెలల్లో కరెంటు కోత మామూలే కాబట్టి తెర లేకుండా నడిచే నమూనా ఒకటి సిద్ధంగా ఉంచుకోవాలి. అడుగున్నర చదరం చెక్క పలక మీద వృత్తం గీసి, చుట్టూ ప్రతి 10°కీ ఒకటి చొప్పున 36 మేకులు, కేంద్రంలో ఒకటి కొట్టించండి. రంగుల రబ్బరు బ్యాండ్లతో కేంద్ర కోణం ఒక రంగులో, పి కోణం ఒక రంగులో వేయవచ్చు. రబ్బరు బ్యాండును ఒక మేకు నుంచి తీసి పక్క మేకుకు తగిలించడమే ఇక్కడ జరపడం. మేకుల మధ్య ఎడం లెక్కపెడితే కేంద్ర కోణం తెలుస్తుంది, పి దగ్గరి కోణానికి కోణమానిని కావాలి. చతురస్రాకారపు గళ్లలో మేకులుండే జియోబోర్డును ఇరవయ్యో శతాబ్దంలో గణిత బోధనలో ప్రచారంలోకి తెచ్చినవాడు ఈజిప్టులో పుట్టిన కేలబ్ గటెగ్నో. మన వృత్తం పలక దానికి దగ్గరి చుట్టమే. నిజం చెప్పాలంటే, ఒక తెర ముందు ఒక్కరు నిలబడి జరిపే దాని కంటే ఆరు పలకలతో ఆరు గుంపులు చేసే పనిలో ఎక్కువ చేతులు కదులుతాయి. కంప్యూటర్ ల్యాబ్ ఉన్న బడుల్లో ఆ లోటును జియోజీబ్రా క్లాస్‌రూమ్ తీరుస్తుంది. ఉపాధ్యాయుడు ఇచ్చిన కోడ్‌తో పిల్లలు ఖాతా లేకుండానే చేరవచ్చు, ఎవరు ఏం చేస్తున్నారో ఉపాధ్యాయుడి తెర మీద కనిపిస్తుంది. దానికి మాత్రం నెట్ తప్పనిసరి.

ఇతర అధ్యాయాలకు ఇదే పద్ధతి

పదో తరగతి బహుపదుల్లో వర్గ బహుపది రేఖాచిత్రానికి మూడు గుణకాలకు మూడు స్లైడర్లు పెట్టడం అందరూ చేసేదే. ప్రశ్న మాత్రం జాగ్రత్తగా ఎంచుకోవాలి. మొదటి గుణకం మారిస్తే పరావలయం వెడల్పు మారుతుందని, చివరి స్థిరపదం మారిస్తే పైకీ కిందికీ జరుగుతుందని పిల్లలు తేలిగ్గానే ఊహిస్తారు. మధ్య పదం గుణకం మారిస్తే ఏమవుతుందని అడగండి. పక్కకు జరుగుతుందని ఎక్కువమంది రాస్తారు. శీర్షానికి ‘షో ట్రేస్’ పెట్టి స్లైడర్ జరిపిస్తే ఆ శీర్షం తలకిందులుగా ఉన్న మరో పరావలయాన్ని గీస్తూ పోతుంది. ఆ అంచనా తప్పడంలోనే ఆ పీరియడ్ ఉంది.

భిన్నాలు, పూర్ణసంఖ్యల సంఖ్యారేఖ వంటి చిన్న తరగతుల అంశాలకు సొంతంగా తయారుచేసుకోవడం దండగ. అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయం, బౌల్డర్ నుంచి వస్తున్న ఫెట్ సిమ్యులేషన్లు ఉచితం, వాటిలో కొన్ని తెలుగులోనూ ఉన్నాయి, ఒక్కొక్కటీ ఒకే ఫైలుగా దిగుమతి చేసుకుంటే నెట్ లేకుండా బ్రౌజర్‌లోనే నడుస్తాయి. పాఠ్యపుస్తకాల్లోని క్యూఆర్ కోడ్‌లతో తెరుచుకునే దీక్షా పాఠాల్లో ఎక్కువ భాగం వీడియోలే. వాటిని వాడేటప్పుడు ఫలితం చెప్పే ముందు క్షణంలో ఆపి, అంచనా రాయించి, తరువాత కొనసాగించడం ఒక్కటే మార్గం.

అదే ఫైలుతో స్పర్శరేఖ

తొమ్మిదో తరగతికి చేసిన ఫైలును కొత్త పేరుతో దాచుకుంటే పదో తరగతిలో స్పర్శరేఖల అధ్యాయానికి అయిదు నిమిషాల్లో మార్చుకోవచ్చు. పి బిందువునూ దాని గీతలనూ దాచేసి, ఆల్ఫా కనిష్ఠాన్ని 0° చేసి, లైన్ టూల్‌తో బి, సి ల గుండా రెండువైపులా సాగే రేఖ గీయండి. ఇది ఛేదనరేఖ. ఆల్ఫాను తగ్గిస్తూ పోతే సి వచ్చి బి కి దగ్గరవుతుంది, రేఖ వృత్తం అంచుకు ఒరుగుతుంది. సరిగ్గా 0° దగ్గర రేఖ తెర మీద నుంచి మాయమవుతుంది. సాఫ్ట్‌వేర్ పాడైందని పిల్లలు అనుకుంటారు. రేఖ గీయడానికి రెండు వేర్వేరు బిందువులు కావాలి, ఇక్కడ ఒక్కటే మిగిలిందని వారు చెప్పేదాకా ఆగండి. 2° దగ్గర రేఖ ఏ దిశలో ఉందో, ఓబి తో దాదాపు ఎంత కోణం చేస్తోందో నోటుబుక్కులో రాయించి, ఆపైన టాంజెంట్స్ టూల్‌తో బి దగ్గర స్పర్శరేఖ గీసి, వ్యాసార్ధంతో దాని కోణాన్ని పిల్లలతోనే కొలిపించండి.